బండి నబ్జ్



పాతకాలంలో ఇంట్లో ఎవరికైనా తబియత్ బాగోకపోతే హకీం సాబ్‌ని పిలిచేవారు. ఆయన వచ్చి ముందు మణికట్టు పట్టుకుని నబ్జ్ చూసేవారు. తర్వాత వరసగా అడిగేవారు: రాత్రి ఏం తిన్నావు, నిద్ర పట్టిందా, మొన్న వానలో ఏమైనా తడిచావా? దవా సంగతి అన్నింటికంటే ఆఖర్న వచ్చేది. ఈరోజు నేను రాస్తున్నది మోటార్ సైకిల్ బ్యాటరీ గురించి. ఇందులో హకీం సాబ్ ఎందుకొచ్చారో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మా కంచికచర్లలో ఎండాకాలం పొద్దున్నే ఏ గల్లీలో నడిచినా ఒక చప్పుడు వినపడుతుంది. ఎవరో సెల్ఫ్ నొక్కుతుంటారు, బండి "టక్ టక్ టక్" అంటుంది, అంతే. ఇంజన్ తిరగదు. చుట్టూ నలుగురు చేరతారు. నలుగురి నోటా ఒకటే మాట: "బ్యాటరీ పోయింది భాయ్, కొత్తది వేయించెయ్." ఒక్కోసారి ఈ సలహా నిజమే అవుతుంది. ఒక్కోసారి మాత్రం పదిహేను వందలో రెండు వేలో ఊరికే పోతాయి, అసలు బీమారీ బండిలోనే ఉండిపోతుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను.

2025 మార్చిలో రంజాన్ నెల, పదో తరగతి పరీక్షలు రెండూ కలిసి వచ్చాయి. మా ఆపా కూతురు నందిగామలో చదువుతుంది, సెంటర్ కూడా అక్కడే. దూల్హా భాయ్ దమ్మాంలో ఉంటారు కాబట్టి భాంజీని పరీక్షలకు తీసుకెళ్ళే బాధ్యత మామూది, అంటే నాది. ఇంటికి ఉన్నది ఒకటే బండి. దానికి కిక్ లేదు, సెల్ఫ్ ఒక్కటే. ఫిబ్రవరిలో అది మొండికేస్తే హైవే మీద ఒక కొట్టుకి తోసుకెళ్ళాను. అక్కడ కుర్రాడు సెల్ఫ్ ఒకసారి నొక్కి చూసి, "డౌన్ అయిపోయింది సార్" అని కొత్త బ్యాటరీ వేశాడు. పదహారు వందలు. మీటర్ పెట్టి చూసింది లేదు, ఒక్క మాట అడిగిందీ లేదు.

లెక్కల పరీక్ష రోజు పొద్దున ఎనిమిదింటికి ఆ కొత్త బ్యాటరీయే "టక్ టక్" అంది.

పిల్ల రోజాతో ఉంది. చేతిలో హాల్ టికెట్, అట్ట, జామెట్రీ బాక్స్. తొమ్మిదిన్నరకి పరీక్ష. మధ్యలో పదమూడు, పద్నాలుగు కిలోమీటర్ల దారి. ఆపా గడప దగ్గర నిలబడి పెదాలు కదుపుతూ దువా చదువుతోంది. అంతలో పక్కింట్లో పాలు పోయించుకునే ఆయన తన పాత ఎక్స్‌ఎల్ బయటికి తీశారు. ఒక్క తొక్కు తొక్కారు, బండి లేచింది. "రామ్మా, కూర్చో. నేను దింపి వస్తాలే" అన్నారు. భాంజీ వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కి కూర్చుంది. అల్హమ్దులిల్లాహ్, టైముకి చేరింది.

నేను మాత్రం కిక్ లేని బండి పక్కన నిలబడి ఆ ఎక్స్‌ఎల్ పొగని చూస్తూ ఉండిపోయాను. తర్వాత కొట్టుకి వెళ్తే, "వాడకంలో తేడా సార్, దీనికి వారంటీ రాదు, ఇంకోటి వేయించుకోండి" అన్నారు.

ఆ సాయంత్రం అసర్ తర్వాత బండిని మా మిస్త్రీ చాచా దగ్గరికి తోసుకెళ్ళాను. చాచాకి డెబ్బై దాటాయి. కుర్రతనంలో విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి పని నేర్చుకున్నారు. బుల్లెట్, రాజ్‌దూత్, యెజ్డీల కాలం నాటి మనిషి. కొట్టంటే పెద్దగా ఏమీ లేదు, ఒక రేకుల షెడ్డు, ఒక చెక్కపెట్టె నిండా పానాలు. పరితాల, దొనబండ వైపు నుంచి వచ్చే కంకర టిప్పర్ల దుమ్ము ఆ షెడ్డు మీద ఎప్పుడూ ఒక పొర ఉంటుంది. చాచా కూడా రోజాతోనే ఉన్నారు. అయినా బండి చూడగానే లేచి వచ్చారు.

పెట్టెలోంచి చిన్న మీటర్ తీశారు. మూడొందల రూపాయలకి దొరికే మామూలు మల్టీమీటర్. ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి పెట్టారు. 11.9 చూపించింది. నన్ను సెల్ఫ్ నొక్కమన్నారు. అంకె ఎనిమిదికి పడిపోయింది. అప్పుడు వేరే బ్యాటరీ తెచ్చి వైర్లతో తగిలించి ఇంజన్ స్టార్ట్ చేయించారు. తర్వాత ఆ వైర్లు తీసేసి, యాక్సిలేటర్ పెంచమని మళ్ళీ మీటర్ చూశారు. 12.6 దగ్గరే ఆగింది. ఎంత రేజ్ చేసినా పైకి పోలేదు.

చాచా నవ్వారు. "బ్యాటరీ మరీ నై బేటా, భూకీ హై" అన్నారు. బ్యాటరీ చావలేదురా, ఆకలితో ఉంది.

ఆ ఒక్క మాటలో ఎంత ఇల్మ్ ఉందో కాస్త విడమర్చి చెప్తాను. ఇది తెలియకే మన ఇళ్ళల్లో డబ్బు జాయా అవుతోంది.

బ్యాటరీ కరెంటు పుట్టించే యంత్రం కాదు. అది గల్లా పెట్టె. వేసిందే తీసుకోవాలి. సీసం పలకలు, గంధకామ్లం కలిపి ఇలాంటి బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త తయారు చేశాడు. నూట అరవై ఏళ్ళు దాటినా మన బండ్లలో ఎక్కువగా ఉండేది ఆ జాతిదే. లోపల ఆరు గదులు. ఒక్కో గది రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. అన్నీ కలిస్తే పన్నెండున్నర దాటుతుంది. సెల్ఫ్ నొక్కినప్పుడు ఆ పెట్టెలోంచి ఒక్కసారిగా పెద్ద మొత్తం పోతుంది. తర్వాత ఇంజన్ తిరుగుతుంటే లోపల అయస్కాంతం కాయిల్ చుట్టూ తిరిగి కరెంటు పుడుతుంది. రెక్టిఫైర్ దాన్ని సరిచేసి, పద్నాలుగు వోల్టుల దగ్గర అదుపులో పెట్టి మళ్ళీ పెట్టెలో వేస్తుంది. పోయేదీ వచ్చేదీ హిసాబ్ సరిపోతే బ్యాటరీ ఏళ్ళ తరబడి ఉంటుంది. వచ్చేది తగ్గితే ఎంత కొత్త పెట్టె తెచ్చినా నెల తిరక్కుండానే ఖాళీ అవుతుంది.

కాబట్టి అడగాల్సిన మాట "బ్యాటరీ ఎలా ఉంది?" ఒక్కటే కాదు. "దానికి తిండి అందుతోందా?" అని కూడా అడగాలి.

చాచా ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగారు. నా వైపు తిరిగి, "ఈ బండి ఎప్పుడైనా నీళ్ళలో మునిగిందా?" అని అడిగారు.

మునిగింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా తమ్ముడు అక్కడ ఖాలా వాళ్ళింట్లో ఉండి పని చేసుకుంటున్నాడు. బండి ఆ ఇంటి ముందే ఉంది. అటు మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చాయి, ఇటు సింగ్‌నగర్‌లో జనం మేడల మీదికెక్కి అన్నం పొట్లాల కోసం ఎదురు చూశారు. ఖాలా వాళ్ళు బతికి బయటపడితే చాలనుకున్న రోజులవి. బండి నాలుగు రోజులు సీటు దాకా నీళ్ళలో ఉంది. నీళ్ళు తీశాక ఆయిల్ మార్పించి, కడిగించి, ప్లగ్గు మార్పిస్తే స్టార్ట్ అయింది. ఇంటికి తెచ్చుకున్నాం. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనే అందరం అనుకున్నాం.

చాచా పక్క డొప్ప ఊడదీసి, లోపల వైర్ల గుత్తిలో వేలు పెట్టి ఒక కప్లర్ లాగారు. కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్లు అందులోనే కలుస్తాయి. రెండు పిన్నుల మీద పచ్చటి చిలుము. మూడోది నల్లగా మాడిపోయి ఉంది, ప్లాస్టిక్ కూడా కరిగింది. లోపలికి చేరిన వరద నీరు ఆరు నెలలు నెమ్మదిగా రాగిని తింది. పట్టు వదులై, వదులైన చోట వేడి పుట్టి, ఆ వేడికి పిన్ను కాలింది. మూడు దారుల్లో రావాల్సిన కరెంటు రెండు దారుల్లో, అదీ అరకొరగా వస్తోంది. ఈ బండికి పగలూ రాత్రీ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. వచ్చింది వచ్చినట్టు అక్కడే ఖర్చవుతోంది. పెట్టెలో పడేదేమీ లేదు.

కాలిన కప్లర్ కోసేసి కొత్తది వేశారు. వైర్లు శుభ్రం చేశారు. బ్యాటరీని రాత్రంతా చిన్న చార్జర్ మీద పెట్టారు. అయిదు ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియర్ చొప్పున, అంటే దాని మీద రాసిన అంకెలో పదో వంతు. తొందరపడి లారీ బ్యాటరీల చార్జర్ తగిలిస్తే పలకలు పాడైపోతాయట. మర్నాడు మీటర్ పెడితే ఇంజన్ మీద 14.1. చాచా తీసుకున్నది మొత్తం మూడొందల యాభై. ఇంకో బ్యాటరీ అంటగట్టి ఉంటే ఆయనకి కమీషనే అంతకంటే ఎక్కువ వచ్చేది. ఆ మాటే అంటే, "దాని రోగం దానికి చెప్పకుండా మందు అమ్మితే ఆ పైసా ఇంట్లో నిలవదు బాబూ" అన్నారు. బర్కత్ అనే మాటకి నేను విన్న అర్థాల్లో అది ఒకటి.

ఇక ఆ ఎక్స్‌ఎల్ ఒక్క తొక్కుకే ఎలా లేచింది, మా బండి ఎందుకు లేవలేదు? దీనికీ కారణం ఉంది. పాత కిక్ బండ్లలో చాలావాటికి ప్లగ్గులో నిప్పు పుట్టించే కరెంటు బ్యాటరీ నుంచి వచ్చేది కాదు. మాగ్నెట్‌లోనే దానికో కాయిల్ ఉండేది. కాలితో తొక్కితే ఆ తిరుగుడుకే కరెంటు పుట్టి నిప్పు రాలేది. బ్యాటరీ పీకేసినా బండి నడిచేది. హారన్, ఇండికేటర్లు మాత్రం మూగబోయేవి. హెడ్‌లైట్ కూడా చాలా బండ్లలో మాగ్నెట్ మీదే వెలిగేది. అందుకే రేజ్ చేస్తే పగటి వెలుగు, స్లో చేస్తే చిమ్నీ దీపం. రాత్రిపూట ఊళ్ళకి వెళ్ళి వచ్చినవాళ్ళకి ఆ సంగతి గుర్తుంటుంది.

2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉండాలని నియమం వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చింది. పొగ తగ్గింది, మంచిదే. అయితే కార్బురేటర్ పోయి దాదాపు అన్ని బండ్లకీ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు పెట్రోలు తోసే పంపుకి కరెంటు కావాలి, ఎంత తోయాలో లెక్కేసే కంప్యూటర్‌కి కరెంటు కావాలి. ఆ రెండూ లేవకపోతే నిప్పూ లేదు, పెట్రోలూ లేదు. దానికి తోడు చాలా బండ్లకి కిక్కే తీసేశారు. ఒకప్పుడు బ్యాటరీ ఇంట్లో చిన్న నౌకరు. ఇప్పుడు తాళం చెవులన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. అందుకే దాని నబ్జ్ చూడటం ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

చాచా నాకు నేర్పింది మూడు అంకెలు. మీరూ రాసి పెట్టుకోండి.

మొదటిది, బండి ఆపి రాత్రంతా ఉంచాక పొద్దున్నే చూసేది. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు వంతు. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ.

రెండోది, సెల్ఫ్ నొక్కిన క్షణంలో చూసేది. పది దగ్గర నిలబడితే బలం ఉంది. నిండా చార్జ్ చేసిన తర్వాత కూడా తొమ్మిది కిందికి జారిపోతుంటే బ్యాటరీ నిజంగానే ముసలిదైంది, మార్చాల్సిందే.

మూడోది, ఇంజన్ కాస్త రేజ్ మీద ఉన్నప్పుడు చూసేది. 13.5కీ 14.5కీ మధ్య ఉండాలి. 13 దాటకపోతే బ్యాటరీకి తిండి అందడం లేదు. కాయిల్, రెక్టిఫైర్, కప్లర్, ఎర్త్ వైరు చూపించండి. 15 దాటిందంటే అజీర్తి. రెక్టిఫైర్ పాడై బ్యాటరీని ఉడకబెడుతోంది.

మీ మిస్త్రీ ఈ మూడూ చూడకుండా "కొత్తది వెయ్" అంటే, అదబ్‌గానే అడగండి: "భాయ్, ఒకసారి మీటర్ పెట్టి చూడరా?" అందులో బే-అదబీ ఏమీ లేదు.

మీటర్ కంటే ముందు కళ్ళతో చూసేవి కూడా ఉన్నాయి. బ్యాటరీ కొసల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే వేడినీళ్ళలో వంట సోడా కలిపి, పాత బ్రష్‌తో రుద్ది, తుడిచి, బిగించాలి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. నీళ్ళు పోసే పాత రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకోటి పోయకండి. మన మెట్ట బోరు నీళ్ళు బకెట్ల అంచున తెల్లటి చార కడతాయి కదా, ఆ ఉప్పులే లోపల పలకల మీదా చేరతాయి. సీల్ వేసిన బ్యాటరీని అసలు తెరవొద్దు. బ్యాటరీ పక్కన బీడీ, సిగరెట్ వద్దు. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అది అంటుకునే గ్యాస్.

ఎండ సంగతి వేరే చెప్పాలి. నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలు మన వైపు మే నెలలో కొత్త కాదు. వేడి పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఇలాంటి బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని లెక్క. వేపచెట్టు నీడ బండికి కూడా నియామత్. ఇంటి మగవాళ్ళు ఖతర్, సౌదీ వెళ్ళాక నెలల తరబడి గోడకి ఆనించి ఉంచే బండ్లు మన మొహల్లాల్లో ఎన్నో. అలా ఊరికే ఉన్న బ్యాటరీ తనంతట తానే ఖాళీ అవుతుంది, పలకల మీద గట్టి పొర కడుతుంది, తర్వాత చార్జ్ పట్టదు. వారానికి ఒకసారి ఇంట్లో ఎవరైనా అరగంట నడిపి తేవాలి. కుదరకపోతే మైనస్ వైరు తీసి ఉంచాలి. ఉన్నచోటే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే లాభం లేదు. సెల్ఫ్ తిన్నది కూడా తిరిగి రాదు.

దారిలో ఆగిపోతే? తాళం ఆన్ చేసి, రెండో గేరు వేసి, క్లచ్ పట్టుకుని ఇద్దరు తోస్తే, వేగం అందుకోగానే క్లచ్ వదలాలి. మీటర్ బోర్డు వెలుగుతూ, పెట్రోలు పంపు "జుయ్" అంటూ ఉంటే ఆశ ఉంది. బోర్డే వెలగకపోతే ఎంత తోసినా దండగ, ఆయాసమే మిగులుతుంది.

పాత బ్యాటరీని మాత్రం కొత్తది కొన్న చోటే ఇచ్చేయండి. ఎక్స్చేంజ్ కింద కొంత డబ్బు తగ్గిస్తారు. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులదే. దాని బరువులో సగానికి పైగా సీసం. కబాడీ పని మన వాళ్ళల్లో చాలామందికి రోజీ. అందుకే దిల్ నుంచి చెప్తున్నాను: ఇంటి ముంగిట్లో బ్యాటరీలు పగలగొట్టొద్దు, సీసం కరిగించొద్దు. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన రిపోర్టు ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ప్రమాదకరమైన మోతాదులో ఉంది. జాగ్రత్త లేకుండా బ్యాటరీలు విప్పి కరిగించడం దానికి పెద్ద కారణాల్లో ఒకటని అందులోనే ఉంది. ఆ దుమ్ము మట్టిలో ఉండిపోతుంది. అదే మట్టిలో పిల్లలు ఆడుకుంటారు. వాళ్ళ జెహన్ మీద పడే దెబ్బ ఏ దవాతోనూ వెనక్కి రాదు.

చివరిగా చాచా గురించి. మన ఖౌమ్‌లో జీతం ఉద్యోగాల కంటే చేతి పని మీద బతికేవాళ్ళే ఎక్కువని 2006లో సచార్ కమిటీ రాసింది. అది మన గరీబీ లెక్క అని అందరం చదువుకున్నాం. దాని వెనకాల ఉన్న హునర్ లెక్క ఎవరూ రాయలేదు. చాచా పెద్దకొడుకు హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తాడు, చిన్నవాడు రియాద్‌లో. ఇద్దరూ పానా పట్టలేదు. కొత్త బండ్లకి స్కానర్లు కావాలి, అవి షోరూముల్లో ఉంటాయి. చాచా కళ్ళకి సన్న వైర్లు ఆనడం లేదు. బక్రీద్ దాకా చూసి షెడ్డు తీసేస్తానని రెండేళ్ళుగా అంటూనే ఉన్నారు. స్కానర్ చూపించే కోడ్ సంగతి సరే, "ఈ బండి నీళ్ళలో మునిగిందా" అని ఆ స్కానర్ అడగదు కదా.

అడగడం నేర్చుకున్నది మా భాంజీ ఒక్కతే. ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. బండి తయారైన రోజు నాతో పాటు వచ్చి చాచాని ప్రశ్నలతో వేపుకు తింది. ఆంపియర్ అంటే ఏంటి, పసుపు వైర్లు మూడెందుకు, ఏసీని డీసీగా ఎలా మారుస్తారు? ఆపా, "ఆడపిల్లకి ఈ గ్రీజు పని ఎందుకే" అంటే చాచా, "గ్రీజు సబ్బుతో పోతుందమ్మా, నేర్చుకున్నది పోదు" అన్నారు. ఈదీ డబ్బులతో ఆ పిల్ల సొంతంగా ఒక మీటర్ కొనుక్కుంది. ఆదివారం ఆదివారం మా బండి నబ్జ్ చూసి లెక్కల నోట్సు వెనక పేజీలో రాస్తుంది. మా గల్లీలో ఇంకో నాలుగు బండ్లవి కూడా ఆ పేజీలోనే ఉన్నాయి. పక్కింటాయన ఎక్స్‌ఎల్‌ది అడక్కుండానే చూసి రాస్తుంది.

మొన్న ఆదివారం మా బండి లెక్క: ఆపినప్పుడు 12.7, సెల్ఫ్ మీద 10.4, రేజ్ మీద 14.1.